'సిహ్ర్' అంటే ఏమిటి?



మన ఇళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంటుంది. నిన్నటిదాకా బాగా నడిచిన దుకాణం ఉన్నట్టుండి మందగిస్తుంది. పెళ్ళయి ఐదేళ్ళయినా కోడలికి కడుపు పండదు. తల్లి మాట జవదాటని కొడుకు పెళ్ళయిన ఆరు నెలలకే భార్య మాట వినడం మొదలుపెడతాడు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "ఎవరో ఏదో చేశారు" అంటారు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో దాన్ని జాదూ అంటారు, కర్నీ అంటారు. తెలుగు మాట్లాడే ఇంట్లో చేతబడి అంటారు, మందు పెట్టారంటారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి అంటే, కోస్తా ప్రాంతంలో చిల్లంగి అంటారు. పేర్లు ఎన్నయినా భయం ఒక్కటే.

దివ్య ఖుర్ఆన్ దీనికి వాడిన పదం 'సిహ్ర్'. ఈ పదం, దీని నుండి పుట్టిన రూపాలు కలిపి ఖుర్ఆన్ లో దాదాపు 60 చోట్ల వస్తాయి. అయినా మనలో చాలామందికి ఈ పదం పట్ల భయం ఉన్నంతగా దాని అర్థం పట్ల అవగాహన లేదు. అర్థం తెలియని చోట భయం రాజ్యమేలుతుంది. భయం రాజ్యమేలిన చోట మోసగాడు దుకాణం తెరుస్తాడు. కాబట్టి ముందు ఈ పదం అర్థమేమిటో, ఖుర్ఆన్ హదీసులు దాన్ని ఎలా వివరించాయో తెలుసుకుందాం.

పదం మూలంలో ఉన్న రహస్యం

సీన్, హా, రా అనే మూడు అక్షరాల నుండి 'సిహ్ర్' పుట్టింది. ఇవే మూడు అక్షరాలతో మనకు బాగా తెలిసిన మరో మాట కూడా ఉంది. అది 'సహర్', అంటే తెల్లవారుజాముకు ముందుండే రాత్రి చివరి భాగం. రమజాన్ లో ఆ వేళ మనం తినే భోజనాన్ని 'సుహూర్' లేక 'సహరీ' అంటాం. ఆ సమయంలో చీకటి పూర్తిగా తొలగదు, వెలుగు పూర్తిగా రాదు. ఎదురుగా ఉన్నది మనిషో చెట్టో కంటికి తేలదు.

ఇదే మూలం నుండి 'సహ్ర్' అనే ఇంకో పదం కూడా వచ్చింది. దాని అర్థం ఊపిరితిత్తి, గుండెకు దగ్గరగా ఉండే రొమ్ము పైభాగం. దైవప్రవక్త (స) తన గుండెకు ఆనుకొని ఉండగానే పరమపదించారని చెబుతూ హజ్రత్ ఆయిషా (రజి) ఈ పదాన్నే వాడారు. ఆ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఊపిరితిత్తి శరీరం లోపల దాగి ఉంటుంది. దాని పని మనకు తెలుస్తుంది గాని అది కంటికి కనిపించదు.

అరబ్బీ నిఘంటుకర్తలు ఈ అర్థాలన్నిటినీ కలిపి చూశారు. సిహ్ర్ అంటే మూలం అతి సూక్ష్మంగా దాగి ఉన్న విషయమని వారన్నారు. హిజ్రీ 370లో మరణించిన భాషావేత్త అజ్హరీ మరో మాట చెప్పారు. ఒక వస్తువును దాని వాస్తవ స్వరూపం నుండి మరో రూపానికి మరల్చి చూపడమే సిహ్ర్ కు అసలు అర్థమన్నారు. ప్రఖ్యాత ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మ) ఈ రెండిటినీ ఒకచోట చేర్చారు. కారణం దాగి ఉండి, లేనిది ఉన్నట్టు తోపింపజేసి, మోసం దారిలో నడిచే ప్రతి విషయమూ ధర్మ పరిభాషలో సిహ్రేనని ఆయన వివరించారు.

గమనించండి. ఈ నిర్వచనంలో రెండు విషయాలున్నాయి. ఒకటి, కారణం దాగి ఉండడం. రెండు, లేనిది ఉన్నట్టు కనిపించడం. సిహ్ర్ బలమంతా దాగుడుతనంలోనే ఉంది. దాన్ని వెలుగులోకి తెస్తే దాని బలం సడలిపోతుంది.

మనం వాడే 'జాదూ' అనే మాట పారసీకం నుండి వచ్చింది. దాని పాత రూపం 'యాతు'. సంస్కృతంలోనూ అదే మాట ఉంది. తెలుగు కావ్యాల్లో రాక్షసులను 'యాతుధానులు' అనడం ఆ మూలం నుండి వచ్చినదే. అచ్చ తెలుగులో ఇంకా చక్కని మాట ఉంది. అది 'కనికట్టు', అంటే కన్నును కట్టివేయడం. ఈ మాటను గుర్తుంచుకోండి. ఖుర్ఆన్ చెప్పే ఒక గొప్ప సంఘటనకు ఇది అతికినట్టు సరిపోతుంది.

త్రాళ్ళు, కర్రలు, కట్టుబడిన కళ్ళు

ఫిరౌన్ దర్బారులో హజ్రత్ మూసా (అ)ను ఎదుర్కోవడానికి రాజ్యం నలుమూలల నుండి మాంత్రికులను పిలిపించారు. పోటీకి దిగకముందే వారు ఫిరౌన్ ను అడిగిన ప్రశ్న మనం మరువరానిది. గెలిస్తే మాకు ప్రతిఫలం ముడుతుంది కదా అని వారడిగారు (ఆరాఫ్: 113). ముందు బేరం, తరువాత విద్య. ఆనాటి నుండి ఈనాటి దాకా ఈ వ్యాపారం తీరు మారలేదు.

వారు తమ త్రాళ్ళను, కర్రలను పడవేశారు. అప్పుడు జరిగినదాన్ని ఖుర్ఆన్ ఎంత జాగ్రత్తగా చెప్పిందో చూడండి. త్రాళ్ళు పాములైపోయాయని అది చెప్పలేదు. వారు ప్రజల కళ్ళపై సిహ్ర్ చేసి, వారిని భయభ్రాంతులకు గురిచేశారని చెప్పింది (ఆరాఫ్: 116). వారి సిహ్ర్ వల్ల ఆ త్రాళ్ళు, కర్రలు పరుగెడుతున్నట్టు మూసా (అ)కు తోచిందని మరోచోట చెప్పింది (తాహా: 66). మార్పు జరిగింది త్రాళ్ళలో కాదు, చూసేవారి కళ్ళలో. ఇది అక్షరాలా కనికట్టు! ఆ త్రాళ్ళు, కర్రల లోపల పాదరసం నింపి ఉంచారని, ఎండ వేడిమికి అది కదలడంతో అవి కూడా కదిలాయని ఇమామ్ అబూ బక్ర్ జస్సాస్ (రహ్మ) వంటి పండితులు పేర్కొన్నారు.

మూసా (అ) మనసులో కూడా ఆ క్షణాన భయం కలిగిందని ఖుర్ఆన్ దాచకుండా చెప్పింది. భయం కలగడం మానవ సహజం. అది విశ్వాసలోపం కాదు. అయితే ఆయన ఆ భయానికి లొంగలేదు. దైవాజ్ఞ ప్రకారం తన చేతికర్రను పడవేశారు. మాంత్రికుడు ఎక్కడి నుండి వచ్చినా సాఫల్యం పొందలేడని అల్లాహ్ అక్కడే ఆయనకు భరోసా ఇచ్చాడు (తాహా: 69).

ఆ తరువాత ఎవరు ముందుగా సాష్టాంగపడ్డారు? ఆ మాంత్రికులే! తమ విద్యలోని డొల్లతనం వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? కాళ్ళూ చేతులూ నరికిస్తానని, ఖర్జూరపు మానులపై శిలువ వేయిస్తానని ఫిరౌన్ బెదిరించినా వారు చలించలేదు. పొద్దున ప్రతిఫలం కోసం బేరమాడినవారు సాయంకాలానికి ప్రాణాలను సైతం లెక్కచేయనివారయ్యారు. కళ్ళకు కట్టిన కట్టు విడిపోవడమంటే ఇదే.

బాబిలోను పాఠం: సిహ్ర్ చేసే అసలు పని

ఇక బఖరా సూరాలోని 102వ ఆయత్ కు వద్దాం. సిహ్ర్ గురించి ఖుర్ఆన్ లో ఇంత విపులంగా చెప్పిన చోటు మరొకటి లేదు. హజ్రత్ సులైమాన్ (అ) రాజ్యం మంత్రశక్తి మీద నిలబడిందని కొందరు ప్రచారం చేశారు. ఖుర్ఆన్ ఆ నిందను తుడిచివేసింది. అవిశ్వాసానికి పాల్పడింది సులైమాన్ కాదు, ప్రజలకు సిహ్ర్ నేర్పిన షైతానులేనని ప్రకటించింది. బాబిలోనులో హారూత్, మారూత్ అనే ఇద్దరు దైవదూతలు తమ వద్దకు వచ్చినవారిని ముందుగానే హెచ్చరించేవారని తెలిపింది. తాము ఒక పరీక్ష మాత్రమేనని, అవిశ్వాసంలో పడవద్దని వారు చెప్పేవారు. అయినా ప్రజలు నేర్చుకున్నారు.

ఏం నేర్చుకున్నారు? బంగారం చేయడమా? గాలిలో ఎగరడమా? కాదు. భార్యాభర్తల మధ్య ఎడబాటు కలిగించే విద్యను నేర్చుకున్నారు. సిహ్ర్ ఫలితంగా ఖుర్ఆన్ ఈ ఆయత్ లో పేరుపెట్టి చెప్పిన నష్టం ఇదొక్కటే. అల్లాహ్ అనుమతి లేకుండా వారు దానితో ఎవరికీ హాని చేయలేరని కూడా అదే ఆయత్ స్పష్టం చేసింది. వారు నేర్చుకున్నది వారికే నష్టం, ఏ లాభమూ లేదని కూడా చెప్పింది.

సోదరులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సిహ్ర్ పని ఇల్లు విడదీయడమైతే, మన ఇళ్ళలో ఆ పని చేస్తున్నది ఎవరు? ఎక్కడో శ్మశానంలో కూర్చున్న మాంత్రికుడా? లేక "కోడలు మందు పెట్టింది" అని గుసగుసలాడే నోరా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు సాగండి.

రుజువు అడగని నింద

మక్కాలో హజ్ సమీపిస్తోంది. వచ్చే యాత్రికులకు ముహమ్మద్ (స) గురించి ఏం చెప్పాలన్న సమస్య ఖురైష్ నాయకులకు వచ్చింది. అందరూ ఒకే మాట చెప్పాలని వారు సమావేశమయ్యారు. జ్యోతిష్కుడందామని ఒకరు, పిచ్చివాడందామని ఒకరు, కవి అందామని మరొకరు అన్నారు. వారిలో పెద్దవాడైన వలీద్ బిన్ ముగీరా వాటిని ఒక్కొక్కటిగా కొట్టివేశాడు. మాంత్రికుడందామంటే దాన్నీ కొట్టివేశాడు. మాంత్రికుల ఊదడాలు, ముడులు తాను చూశానని, ఈయన దగ్గర అవేవీ లేవని ఒప్పుకున్నాడు. చివరికి మాత్రం మాంత్రికుడనడమే అన్నిటికన్నా నమ్మశక్యంగా ఉంటుందని తేల్చాడు. తండ్రీ కొడుకులను, అన్నదమ్ములను, భార్యాభర్తలను విడదీస్తున్నాడని చెబుదామన్నాడు. బాగా ఆలోచించి, అంచనా వేసి, ముఖం చిట్లించి, చివరకు దీన్ని సిహ్ర్ అన్న ఆ మనిషి తీరును ముద్దస్సిర్ సూరా (18-25) చిత్రించింది.

అది అబద్ధమని వలీద్ కు తెలుసు. అయినా ఆ నిందనే ఎందుకు ఎంచుకున్నాడు? సిహ్ర్ అనే నిందకు రుజువు అక్కరలేదు! కారణం దాగి ఉంటుందని అందరూ ముందే ఒప్పుకున్నారు. ఇక కనిపించనిదాన్ని చూపించమని ఎవరడుగుతారు? పూర్వం వచ్చిన ప్రతి ప్రవక్తనూ ప్రజలు మాంత్రికుడనో పిచ్చివాడనో అన్నారని ఖుర్ఆన్ గుర్తుచేస్తోంది (జారియాత్: 52). చరిత్రలో ఈ నింద ఎక్కువగా పడింది నిరపరాధుల మీదే.

ఆ ప్రచారం ఎంతగా పనిచేసిందంటే, దౌస్ తెగ నాయకుడు, కవి అయిన తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) మక్కాకు వచ్చినప్పుడు ప్రవక్త మాట చెవిన పడకుండా చెవుల్లో దూది పెట్టుకొని కాబా దగ్గరకు వెళ్ళారు. అయినా కొన్ని మాటలు వినిపించాయి. నేను తెలివిగలవాణ్ణి, కవిని, మంచి చెడు నాకు తెలుసు, విని తేల్చుకుంటే పోయేదేముంది అని ఆయన తనకు తాను చెప్పుకున్నారు. దూది తీసేశారు, విన్నారు, విశ్వసించారు.

జిమాద్ (రజి) సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. గాలి సోకినవారికి మంత్రం వేసి నయం చేస్తానని పేరుపొందిన ఆయన ప్రవక్త (స)కు వైద్యం చేస్తానని స్వయంగా వచ్చారు. ప్రవక్త (స) దైవస్తోత్రంతో కూడిన కొన్ని వాక్యాలు పలికారు. జిమాద్ వాటిని మళ్ళీ మళ్ళీ చెప్పించుకొని విన్నారు. జ్యోతిష్కుల మాటలు, మాంత్రికుల మాటలు, కవుల మాటలు తాను విన్నానని, ఇటువంటి మాటలు మాత్రం ఎన్నడూ వినలేదని చెప్పి, అక్కడే ప్రమాణం చేశారు. ఆ వృత్తి తెలిసినవాడికి నకిలీ ఏదో అసలు ఏదో ఇట్టే తెలిసిపోయింది.

మనిషిని గాడిదగా మార్చవచ్చా?

ఖుర్ఆన్ పదాలకు అర్థాలు రాసిన ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ (రహ్మ) సిహ్ర్ అనే మాటను ప్రజలు మూడు రకాలుగా వాడతారని వివరించారు. మొదటిది హస్తలాఘవం, గారడీ. ఇందులో మోసం, భ్రమ తప్ప వాస్తవం లేదు. రెండవది షైతానుకు దగ్గరై వాడి సహాయం కోరడం. ఇది మనిషి విశ్వాసాన్నే హరించివేసే ఘోర పాపం. ఇక మూడవది, మనిషిని గాడిదగా మార్చివేయగల శక్తి ఏదో ఉందని పామరులు చెప్పుకునేది. విజ్ఞుల దృష్టిలో దానికి ఏ వాస్తవమూ లేదని ఆయన తేల్చిచెప్పారు.

వందల ఏళ్ళ క్రితం పండితుడు పామరుల మాటగా కొట్టివేసినదాన్ని ఈనాడు చదువుకున్న ఇళ్ళలో కూడా నమ్మడం ఎంత విచారకరం! దైవప్రవక్త (స) సర్వనాశనం చేసే ఏడు పాపాలను పేర్కొంటూ షిర్క్ తరువాత రెండవ స్థానంలో సిహ్ర్ ను చెప్పారు (బుఖారీ, ముస్లిం). చేయడం పాపమే, చేయించడం పాపమే. అదే జాబితాలో చివరిది ఏమిటో తెలుసా? ఏ పాపమూ ఎరుగని శీలవతులైన విశ్వాస స్త్రీలపై అపనింద వేయడం. ఒకే హదీసులో మొదటి వరుసలో సిహ్ర్, చివరి వరుసలో స్త్రీలపై నింద. ఆ నింద శీలానికి సంబంధించినదే అయినా, రుజువు లేని మాటతో ఒక ఆడపిల్ల పరువు తీయడం ఎంతటి నేరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వశీకరణం పేర వచ్చే ముప్పు

అరబ్బీలో 'తివలా' అనే మాట ఉంది. భర్తకు భార్య మీద ప్రేమ కలిగేందుకని చేయించే మందు, మంత్రం, తాయెత్తు అన్నీ దానికిందికే వస్తాయి. మనం వశీకరణం అనేది ఇదే. (షిర్క్ తో కూడిన) మంత్రాలు, తాయెత్తులు, తివలా షిర్క్ అని దైవప్రవక్త (స) ప్రకటించినట్టు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు (అబూ దావూద్).

ఈ మాట ఆయన ఎక్కడ చెప్పారో తెలుసా? సభలో కాదు, తన ఇంట్లో, తన భార్యతో! ఆమె హజ్రత్ జైనబ్ (రజి). తన కన్ను బాధపెడుతుంటే ఒకరి దగ్గరకు వెళ్ళి మంత్రం వేయించుకునేదాన్నని, వేయగానే అది నెమ్మదించేదని ఆమె వాదించారు. అది షైతాను పని అని ఆయన వివరించారు. వాడే వేలితో పొడుస్తాడని, మంత్రం వేయగానే వాడే ఆపుతాడని చెప్పారు. ప్రవక్త (స) రోగుల కోసం ప్రభువును స్వస్థత కోరే దుఆ చదివేవారని, అది చదువుకుంటే నీకు సరిపోయేదని నేర్పారు. ఆయన ఆమెను అనుమానించలేదు, ఇంటి నుండి గెంటలేదు. కూర్చోబెట్టి ధర్మం చెప్పారు. ఇంటి యజమాని ఎలా ఉండాలో ఇందులో గుణపాఠం ఉంది.

భర్త ప్రేమ కోసం తపించే సోదరీ! నీ బాధ నిజమైనదే. కాని రైలు బోగీల్లో, బస్టాండు గోడల మీద అంటించిన కాగితాల్లో, ఇప్పుడు సెల్ ఫోన్లలో, ఇరవై నాలుగు గంటల్లో భర్తను నీ మాట వినేలా చేస్తామని రాసేవాడు నీ బాధను తీర్చడు, నీ గాజులు అమ్మిస్తాడు. ఇలా తాయెత్తులతో, మంత్రాలతో రోగాలు పోగొడతామని ప్రకటనలివ్వడం 1954లో చేసిన మన దేశ చట్టం ప్రకారం కూడా నేరమే. జోస్యుడి దగ్గరకు వెళ్ళి ఏదైనా అడిగినవాడి నమాజ్ నలభై రాత్రుల దాకా స్వీకరించబడదని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం).

వాణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. నీ తల్లి పేరు అడుగుతాడు. వెంట్రుకలో, తొడిగిన బట్టో తెమ్మంటాడు. నల్లకోడిని కోయమంటాడు. అర్థం కాని గీతలు, అంకెలు గీసి ఇస్తాడు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఎవరు చేశారో పేరు చెబుతానంటాడు! ఆ పేరు వదిన కావచ్చు, తోడికోడలు కావచ్చు, పక్కింటి ముసలమ్మ కావచ్చు. ఆ ఒక్క పేరుతో రెండు కుటుంబాలు జీవితాంతం విడిపోతాయి.

బావిలో పూడ్చిన కీడు

ఇక్కడ ఒక సోదరుడు అడగవచ్చు: స్వయంగా దైవప్రవక్త (స) పైనే సిహ్ర్ జరిగింది కదా, అలాంటప్పుడు మనం జాగ్రత్తపడకూడదా? సరైన ప్రశ్నే. మదీనాలో లబీద్ బిన్ ఆసమ్ అనేవాడు ఒక దువ్వెన, దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు తీసుకొని, మగ ఖర్జూరపు పూగుత్తి పొరలో చుట్టి జర్వాన్ అనే బావిలో పెట్టాడు. కొంతకాలం ప్రవక్త (స)కు తాను చేయని పనిని చేసినట్టు అనిపించేది. దైవసందేశ వ్యవహారంలో మాత్రం ఏ లోటూ రాలేదని పండితులు స్పష్టం చేశారు. ఆయన అల్లాహ్ ను పదే పదే వేడుకున్నారు. అల్లాహ్ కలలో ఇద్దరు దైవదూతల ద్వారా అసలు విషయం తెలిపాడు. చేసినవాడి పేరు, వస్తువు, చోటు అన్నీ తెలిసిపోయాయి (బుఖారీ, ముస్లిం).

ఇప్పుడు ఆయన ఏం చేశారో చూడండి. దాన్ని ప్రజల ముందు బయటపెట్టరాదా అన్న అర్థంలో హజ్రత్ ఆయిషా (రజి) అడిగారు. అల్లాహ్ తనకు స్వస్థత ప్రసాదించాడని, ప్రజల మధ్య కీడు రేపడం తనకు ఇష్టం లేదని ఆయన బదులిచ్చారు. ఆ బావిని పూడ్పించివేశారు. అంతే! ఊరేగింపు లేదు, పంచాయితీ లేదు, పగ లేదు.

ఆలోచించండి. ఆయనకు తెలిసింది దైవవాణి ద్వారా. అందులో అనుమానానికి తావే లేదు. అంత నిశ్చయంగా తెలిసి కూడా ఆయన కీడును పూడ్చిపెట్టారు. మనకు దైవవాణి రాదు. కల వచ్చిందనో, నిమ్మకాయ దొరికిందనో, గుమ్మంలో ముగ్గు లాంటిది కనిపించిందనో, ఆమిల్ చెప్పాడనో ఒక మనిషిని దోషిగా నిలబెడతాం. కీడును తవ్వి వీధిలో పోస్తాం. ఇది ఎవరి సున్నత్?

మన రాష్ట్రాల పల్లెల్లో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్ళను చెట్టుకు కట్టి కొట్టిన, పళ్ళు ఊడగొట్టిన, ప్రాణాలు తీసిన ఘోరాలు జరిగాయి. వారికి వ్యతిరేకంగా ఉన్న రుజువేమిటి? వలీద్ చూపిన రుజువే, అంటే ఏమీ లేదు. అటువంటి గుంపులో ఒక్క ముస్లిం చేయి కూడా ఉండరాదు. ఆ గుంపును ఆపడానికి ముందుకు వచ్చే చేయి మాత్రం ముస్లింది కావాలి.

నాలుకతో చేసే సిహ్ర్

ఖురైష్ వాడుకలో సిహ్ర్ కు 'అజ్హ్' అనే మరో పేరు కూడా ఉండేదని నిఘంటుకర్తలు తెలిపారు. ఒకసారి దైవప్రవక్త (స) అజ్హ్ అంటే ఏమిటో మీకు చెప్పనా అని సహచరులను అడిగి, అది ప్రజల మధ్య పాకిపోయే చాడీ మాట అని వివరించారు (ముస్లిం). సిహ్ర్ అర్థాన్ని ఆయన మన నాలుక మీదికి తెచ్చి నిలిపారు! చాడీకోరు, అబద్ధాలకోరు ఒక గంటలో చేసే చెరుపును మాంత్రికుడు ఏడాదిలో కూడా చేయలేడని పూర్వ పండితుడు యహ్యా బిన్ అబీ కసీర్ (రహ్మ) అన్నారు.

ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా గ్రంథంలో ఒక సంఘటన ఇచ్చారు. ఒకతను చాడీ తప్ప ఇంకే లోపమూ లేదని చెప్పి ఒక బానిసను అమ్మాడు. కొన్నవాడు అదేమంత పెద్ద లోపం అనుకున్నాడు. కొన్నాళ్ళకు ఆ బానిస యజమానురాలితో, నీ భర్తకు నీ మీద ప్రేమ లేదు, అతను నిద్రపోయినప్పుడు మెడ వెనుక నాలుగు వెంట్రుకలు కత్తితో తీసి ఇవ్వు, సిహ్ర్ చేసి నీ వాణ్ణి చేస్తానన్నాడు. ఆ తరువాత యజమాని దగ్గరకు వెళ్ళి, నీ భార్య పరాయివాడి మోజులో పడింది, ఈ రాత్రి నిన్ను చంపబోతోంది, నిద్రపోయినట్టు నటించి చూడు అన్నాడు. ఆ రాత్రి ఆమె కత్తితో వచ్చింది. అతను నమ్మి ఆమెను చంపేశాడు. ఆమె బంధువులు వచ్చి అతన్ని చంపేశారు. రెండు తెగల మధ్య యుద్ధం మొదలయింది.

ఈ కథలో నిజంగా సిహ్ర్ ఏమైనా జరిగిందా? ఒక్క మంత్రం చదవలేదు, ఒక్క ముడి వేయలేదు. అయినా సిహ్ర్ చేయగల పని అంతా జరిగిపోయింది. ఆ భార్య కోరింది ప్రేమనే. కత్తి వెనుక ఉన్న కారణం భర్తకు కనిపించలేదు. లేని ద్రోహం ఉన్నట్టు తోచింది. కారణం దాగడం, లేనిది ఉన్నట్టు తోచడం, ఇల్లు విడిపోవడం. మనం మొదట చెప్పుకున్న నిర్వచనం అంతా ఇక్కడ ఉంది.

అందుకే అంటున్నాను: కోడలు మందు పెట్టిందని అనే ప్రతి నోరూ, అత్త చేయించిందని అనే ప్రతి నోరూ, తాను దేనికి భయపడుతోందో ఆ పనే తాను చేస్తోంది. అతిగా అనుమానించడం మానుకోమని, కొన్ని అనుమానాలు పాపమని అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు (హుజురాత్: 12).

మరి మనమేం చేయాలి?

మొదటిది, రోగాన్ని రోగంగా చూడండి. మందులు వాడవచ్చా అని పల్లెవాసులు అడిగితే, వాడండి, వృద్ధాప్యానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు దించాడని దైవప్రవక్త (స) చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ). మూర్ఛ వచ్చి పడిపోయే ఒక స్త్రీ ఆయన దగ్గరకు వచ్చి మొరపెట్టుకుంది. ఓర్చుకుంటే స్వర్గముందని, కోరితే స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన చెప్పారు (బుఖారీ, ముస్లిం). నీకెవరో చేశారు, ఎవరో కనుక్కో అని మాత్రం చెప్పలేదు. మూర్ఛ, దిగులు, నిద్రలేమి, ప్రసవం తరువాత వచ్చే మనోవ్యాకులత, సంతానలేమి, ఇవన్నీ డాక్టరుకు చూపించవలసినవి. సంతానం లేదంటే భార్యతోపాటు భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి.

రెండవది, రక్షణ కోసం అల్లాహ్ నేర్పిన దారిలోనే నడవండి. దైవప్రవక్త (స) ప్రతి రాత్రి నిద్రకు ముందు రెండు అరచేతులు కలిపి ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు చదివి, ఊది, చేతులు అందినంత మేర శరీరంపై తుడుచుకునేవారు. ఇలా మూడుసార్లు చేసేవారు (బుఖారీ). పడుకునే ముందు ఆయతుల్ కుర్సీ చదవండి. ఇంట్లో బఖరా సూరా పారాయణం సాగనివ్వండి. దీనికి నల్లకోడి అక్కరలేదు, వేల రూపాయలు అక్కరలేదు. మీ తల్లి చదవవచ్చు, మీ భార్య చదవవచ్చు, మీ పదేళ్ళ కొడుకు చదవవచ్చు. షిర్క్ లేని రుఖ్యాలో తప్పులేదని దైవప్రవక్త (స) అనుమతించారు (ముస్లిం).

మూడవది, ఆ చివరి రెండు సూరాలను అర్థం తెలుసుకొని చదవండి. ఫలఖ్ సూరా ముడులపై ఊదేవారి కీడు నుండి శరణు కోరడం నేర్పి, ఆ వెంటనే అసూయపడేవాడి కీడు నుండి కూడా శరణు కోరమంది. నాస్ సూరా గుండెల్లో గుసగుసలు రేపేవాడి కీడు నుండి శరణు కోరడం నేర్పింది. ఆ గుసగుసలాడేవాడు జిన్నాతుల్లోనే కాదు, మనుషుల్లోనూ ఉంటాడని చెప్పి ముగిసింది. రోజూ మూడుసార్లు ఆ కీడు నుండి శరణు కోరి, లేచి వెళ్ళి మరో ఇంట్లో మనమే ఆ గుసగుసగా మారితే ఎలా?

నాలుగవది, ఇంట్లో మాట తేడా వస్తే ఆ మాటను వెలుగులోకి తీసుకురండి. కొడుకు దూరమయ్యాడని బాధగా ఉంటే కొడుకుతోనే చెప్పండి. భర్త ముభావంగా ఉంటే కారణం భర్తనే అడగండి. అప్పు ఉందేమో, ఉద్యోగంలో చిక్కు ఉందేమో, ఏదో మాట మనసులో గుచ్చుకుందేమో. దాగిన కారణం బయటపడితే సగం భయం అక్కడే పోతుంది. తెల్లవారాక చెట్టు చెట్టుగానే కనిపిస్తుంది.

అల్లాహ్ మన కళ్ళకు కట్టిన కట్లను విప్పి, సత్యాన్ని సత్యంగా చూసే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! మన నాలుకలను చాడీల నుండి, మన మనసులను దురనుమానాల నుండి, మన ఇళ్ళను ఎడబాటు నుండి కాపాడుగాక! తన శరణు తప్ప మరే శరణూ మనకు అక్కరలేకుండా చేయుగాక! ఆమీన్.